పొటోమాక్‌లో కొర్రమీను చుట్టం: ఏ నీళ్లు, ఏ కయాక్, ఏ వారం?

ప్రతి ఏడూ మార్చి నెలాఖరుకి వాషింగ్టన్‌లో చెర్రీ పూలు పూయగానే మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల మొదలవుతుంది, "ఈసారైనా కయాక్ కొందామా అన్నా?" అని, అదే, ఒకరిద్దరు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి చిన్న పడవ. నా జవాబు ఎప్పుడూ ఒకటే, కయాక్ సంగతి తర్వాత, ముందు ఏ నీళ్లలో దిగుతావో చెప్పు. ఉత్తర వర్జీనియాలో మనవాళ్లు చేసే తప్పు ఇక్కడే ఉంది. సేల్‌లో కనబడిందని ఏదో ఒకటి కొనేస్తారు, తీరా చూస్తే అది వాళ్లు వెళ్లే నదికి పనికిరాదు, రెండుసార్లు దింపి గరాజ్‌లో గోడకి నిలబెడతారు, మూడో ఏడాది సగం ధరకి అమ్మేస్తారు. నేను కొన్నది అలా అమ్మినవాళ్ల దగ్గరే కాబట్టి నాకేం ఫిర్యాదు లేదు గానీ, మీ డబ్బులు మీరు జాగ్రత్త.

హెర్న్‌డన్, ఆష్‌బర్న్, షాంటిలీ వైపు ఉంటూ, ముగ్గురు నలుగురు స్నేహితులతో కలిసి ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఒక శనివారం పొద్దున నది మీద గాలం వేద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మా జట్టులో నేను కాకుండా ఇంకో ఇద్దరు. ఒకాయన కరీంనగర్ అన్న, చిన్నప్పుడు చెరువులో కొర్రమీను పట్టిన చెయ్యి. ఇంకొకడు భీమవరం బావ, వాడికి చేప అంటే పులసే, మిగతావన్నీ కూరగాయలు.

ముందు నీళ్లు తేల్చుకోండి

మాకు గంట, గంటన్నర దూరంలో మూడు రకాల నీళ్లున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

మొదటిది షెనన్డోవా నది దక్షిణ పాయ. లూరే నుంచి ఫ్రంట్ రాయల్ దాకా కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. మోకాల్లోతు, నడుముల్లోతు నీళ్లు, అడుగున రాతి పలకలు, అక్కడక్కడ నీళ్లు రాళ్ల మీద నురగ కక్కుతూ జారే చోట్లు. ఇక్కడ పడేది స్మాల్‌మౌత్ బాస్. అది కూడా మనలాగే వలస వచ్చిందే, 1854లో రైలింజను వెనక ఉండే నీళ్ల తొట్టిలో వేసి ఒహైయో నది వైపు నుంచి తెచ్చి కంబర్లాండ్ దగ్గర పొటోమాక్ నదిలో వదిలారు, అక్కడి నుంచి ఈ పరీవాహకమంతా పాకింది. అందం విషయంలో దీన్ని మించినది లేదు, పొద్దున పొగమంచులో ఆ కొండలు చూస్తే గాలం వేయడం కూడా మర్చిపోతారు. చిక్కు ఏంటంటే ఇది ఒకవైపు ప్రయాణం, పైన దిగి కింద తేలాలి, అంటే రెండు కార్లు కావాలి, లేదా అక్కడ కయాకులు అద్దెకిచ్చే దుకాణాల వాళ్ల వ్యాన్‌లో పైకి వెళ్లాలి. ముందు రెండు రోజులు వాన పడిందంటే నీళ్లు ఎర్రగా, వడిగా ఉంటాయి, అప్పుడు వెళ్లి చేసేదేం లేదు. నదుల నీటిమట్టం కొలిచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ సైట్‌లో లూరే, ఫ్రంట్ రాయల్ దగ్గర నీటిమట్టం గంట గంటకీ కనిపిస్తుంది, బయల్దేరే ముందు రాత్రి అది చూసుకోండి. ఇంకో మాట, ఇక్కడి చేప తినడానికి కాదు. ఎగువన వేన్స్‌బరోలో ఒక ఫ్యాక్టరీ నుంచి 1929, 1950 మధ్య నదిలోకి పాదరసం చేరింది, ఇప్పటికీ ఈ పాయ చేపల మీద రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది. పట్టామా, ఫొటో తీసుకున్నామా, వదిలేశామా, అంతే.

రెండోది వాషింగ్టన్ ఊళ్లోనే, జార్జ్‌టౌన్‌కి కాస్త ఎగువన ఉన్న ఫ్లెచర్స్ కోవ్. ఇక్కడికి వసంతంలో షాడ్ చేప వస్తుంది. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే చేప, ఒంటినిండా సన్నటి ముళ్లు, వెండి పొలుసులు. ఎక్కడో విన్నట్టుంది కదా? అవును, మన పులసకి దగ్గరి చుట్టమే, రెండూ హెర్రింగ్ జాతి బంధుగణం లోవే. పులస గోదావరికి వరద నీళ్లప్పుడు ఎక్కితే ఇది మంచు కరిగి నీళ్లు వేడెక్కే ఏప్రిల్‌లో ఎక్కుతుంది. ఈ సంగతి చెప్పగానే భీమవరం బావ కళ్లు మెరిశాయి, పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు కదా అని మొదలెట్టాడు. "బావా, ఇక్కడ తింటే పుస్తెలు అమ్మాల్సింది జరిమానా కట్టడానికి" అన్నా. ఒకప్పుడు లెక్కలేకుండా పట్టేయడం వల్ల, నదులకి అడ్డంగా ఆనకట్టలు కట్టడం వల్ల షాడ్ బాగా తగ్గిపోయింది, మేరీలాండ్ 1980 నుంచే దాన్ని ఉంచుకోవడం నిషేధించింది. అక్కడ పట్టినవాళ్లు నీళ్లలోంచి పైకి కూడా సరిగా ఎత్తకుండా కొక్కెం తీసి వదిలేస్తారు. వదిలేసేదైనా సరే, రెండు అంగుళాలు కూడా లేని షాడ్ డార్ట్ అనే రంగు తల ఎరకి అది కొట్టే దెబ్బ, ఆ వడి నీళ్లలో అది లాగే లాగుడు, అనుభవించాల్సిందే.

కానీ ఫ్లెచర్స్‌కి కయాక్ వద్దంటాను. అక్కడ ప్రవాహం పైకి ప్రశాంతంగా కనిపించి లోపల బలంగా ఉంటుంది, ఎగువన లిటిల్ ఫాల్స్ దగ్గర మునిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. షాడ్ పట్టాలంటే ఒకచోట లంగరు వేసి నిలబడాలి, వడి నీళ్లలో కయాక్‌కి పక్కవైపు నుంచి లంగరు వేశారంటే తాడు బిగుసుకోగానే నీళ్లు పక్కకి నొక్కి తిరగేస్తాయి. అక్కడే పాత పద్ధతి తెడ్ల పడవలు అద్దెకిస్తారు, ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకుంటూ పట్టొచ్చు. నీటిమట్టం ఎక్కువగా ఉన్న రోజు వాళ్లు పడవలు ఇవ్వరు, బతిమాలొద్దు కూడా. ఈత రాని స్నేహితుడిని, మొదటిసారి వచ్చేవాడిని ఇక్కడికే తీసుకెళ్లండి.

మూడోది నా పిచ్చి. లార్టన్ దగ్గర పోహిక్ బే, పక్కనే మేసన్ నెక్ స్టేట్ పార్క్ ముందున్న బెల్మాంట్ బే. పొటోమాక్ ఇక్కడ పేరుకి నది, చూస్తే సముద్రపు పాయలా మైలు పైనే వెడల్పు, రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పక్కన చేరే వాగులు, మడుగుల్లో లోతు తక్కువ, ఒండ్రు మట్టి, ఒడ్డంతా స్పాటర్‌డాక్ అనే కలువ జాతి మొక్క. ఆ మొక్కల మధ్య ఉండేదే నార్తర్న్ స్నేక్‌హెడ్.

దీన్ని మొదటిసారి కరీంనగర్ అన్న చేతిలో చూసినప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ మా గ్రూపు పేరు: "అరే, ఇది మన కొర్రమీనేరా!" నిజంగానే సొంత చుట్టం, ఒకే ఛన్నా ప్రజాతి. అదే పాము తల, అదే జిగురు, గాలి పీల్చుకోవడానికి అదే పైకి రావడం, పిల్లల గుంపు కింద కాపలా కాసే తల్లిదండ్రులు కూడా అలాగే. తెలంగాణలో రాష్ట్ర చేప, మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు కోసం జనం బారులు తీరేది దాని పిల్లల కోసమే, ఇక్కడేమో దాని చైనా తమ్ముడిని చూసి 2002లో దేశమంతా భయపడిపోయింది. ఆ ఏడాది మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ ఊరి చెరువులో ఇవి దొరికితే చెరువు మొత్తం మందు పోసి చంపేశారు, 2004కల్లా పొటోమాక్‌లో కనబడ్డాయి, ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. చివరికి పట్టి తినడమే మందు అని తేల్చుకుని, పాము అనే పేరు వల్ల జనం తినట్లేదని, 2024లో మేరీలాండ్ దీనికి చెసపీక్ ఛన్నా అని కొత్త పేరు పెట్టింది. మన మామ్మలకి చెప్తే నవ్వుతారు, కొర్రమీను తినమని చట్టం చేయాలా అని.

తినడం గురించి ముందే చెప్పేస్తా. పట్టింది ఇంటికి తేవచ్చు, ఎన్నయినా తేవచ్చు, కానీ బతికుండగా ఉంచుకోవడం నేరం. వర్జీనియాలో ఉంచుకోదల్చుకుంటే అక్కడికక్కడే చంపి, వన్యప్రాణి శాఖకి సమాచారం ఇవ్వాలి. మావాడొకడు రాంనగర్ చేపల మార్కెట్ గుర్తుకొచ్చి బకెట్లో నీళ్లు పోసి బతికించి తీసుకెళ్దామన్నాడు, వద్దు బాబూ, దీనికి ఫెడరల్ చట్టం ఉంది, మన వీసా కాగితాలకి అసలే ఉన్న టెన్షన్లు చాలు. ఇంకో విషయం, ఆటుపోట్ల పొటోమాక్‌లో క్యాట్‌ఫిష్, కార్ప్ లాంటి కొన్ని చేపలకి పీసీబీ రసాయనాల హెచ్చరికలున్నాయి, ఏ చేప ఎంత తినొచ్చో రాష్ట్రం ప్రకటించే పట్టిక ఒకసారి చూసుకోండి, గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న ఇల్లయితే తప్పకుండా.

సరే, నా తీర్పు: అందం కావాలంటే షెనన్డోవా, కొత్తవాళ్లతో కబుర్లు కావాలంటే ఫ్లెచర్స్‌లో తెడ్ల పడవ, పులుసు కావాలంటే పోహిక్. ముగ్గురిలో ఇద్దరు తెలంగాణ వాళ్లయితే ఓటింగ్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు కయాక్

లోపల కాళ్లు దూర్చి కూర్చునే కయాక్‌ని చేపల కోసం కొనకండి, దీని మీద చర్చ లేదు. బోర్లా పడితే నీళ్లు నిండిపోతాయి, నది మధ్యలో తోడిపోయడం అయ్యే పని కాదు. పైన కూర్చునే రకానికి అడుగున చిల్లులుంటాయి, చేరిన నీళ్లు వాటిలోంచే పోతాయి, పడ్డా పక్కనుంచి మళ్లీ పైకి పాకొచ్చు. ఆ పాకడం మాత్రం జూలైలో వెచ్చటి నీళ్లలో ఒకసారి నేర్చుకోవాలి. నాకు నాలుగుసార్లు పట్టింది, ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టారు.

పైన కూర్చునే వాటిలో మూడు దారులు: మామూలు తెడ్డుది, పెడల్‌ది, గాలి కొట్టేది.

పెడల్ కయాక్ చూస్తే ఎవరికైనా మనసాగదు. చేతులు ఖాళీ, కాళ్లతో తొక్కుతూ గాలం వేసుకుంటూ పోవచ్చు, గాలికి ఎదురు వెళ్లాల్సి వస్తే దీని ముందు తెడ్డు ఎందుకూ పనికిరాదు. ఇందులోనూ రెండు రకాలు. హోబీ కంపెనీ వాళ్లు 1997లో తెచ్చిన మిరాజ్ డ్రైవ్‌లో ఒక కాలు తర్వాత ఒక కాలు ముందుకి తోస్తే అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగుతాయి, లోతు తగ్గితే ఆ రెక్కల్ని అడుగుకి అతుక్కునేలా మడవొచ్చు. రెండో రకం సైకిల్ తొక్కినట్టు గుండ్రంగా తొక్కితే కింద ప్రొపెల్లర్ తిరుగుతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి వస్తుంది, చేప మొక్కల్లోకి లాగుతున్నప్పుడు ఇది గొప్ప సుఖం. కానీ ప్రొపెల్లర్ అడుగున్నర దాకా కిందికి ఉంటుంది, స్పాటర్‌డాక్ కాడలు చుట్టుకుంటాయి, షెనన్డోవా రాళ్లకి తగిలిందంటే ఆ చప్పుడుకి గుండె జారుతుంది. ధర పదిహేను వందల డాలర్ల దగ్గర మొదలై నాలుగు వేలు కూడా దాటుతుంది.

అసలు చిక్కు ధర కాదు, బరువు. సీటు, డ్రైవ్ కలిపి చాలావాటికి వంద పౌన్లు దాటుతుంది. పొద్దున నాలుగున్నరకి టౌన్‌హౌస్ గరాజ్‌లోంచి దాన్ని ఒక్కరే సియెన్నా మినీవ్యాన్ పైకి ఎత్తగలరా? పొద్దున్నించీ చేపలు పట్టి అలిసిపోయాక మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ ఎత్తాలి, అప్పుడు ఎత్తగలరా? కారు పైన బరువు పరిమితి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా మినీవ్యాన్లకి నూట యాభై పౌన్ల చుట్టుపక్కలే, అందులో కయాక్‌ని కట్టే రాక్ బరువు కూడా లెక్కే. చిన్న ట్రైలరో పికప్ ట్రక్కో ఉన్నవాళ్లకి పెడల్ సరే. క్యామ్రీ ఉన్నవాళ్లు దాని గురించి యూట్యూబ్‌లో చూసి ఆనందించండి.

పెడల్‌తో ఇంకో చిత్రం ఉంది, ఎవరూ చెప్పరు. ముగ్గురు స్నేహితుల్లో ఒక్కడికే అది ఉంటే వాడు జట్టులో ఉండడు. మేం బోటు ర్యాంపు దాటకముందే వాడు అర మైలు అవతల ఉంటాడు, ఫోన్ చేస్తే "మామా, ఇక్కడ బాగా పడుతున్నాయి" అంటాడు, మనం చేరేసరికి వాడు ఇంకో మడుగులో ఉంటాడు. అందరికీ పెడలో, అందరికీ తెడ్డో అయితేనే కబుర్లు సాగుతాయి.

గాలి కొట్టే కయాక్ సంగతికొస్తే, మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి నిజానికి దారి ఇదొక్కటే. ముప్పై నలభై పౌన్లు, సంచిలో పెట్టి మంచం కింద తోసేయొచ్చు. చౌకరకం రెండు వందల డాలర్లకే వస్తుంది, మంచిది ఆరేడు వందలు. కొక్కెం గుచ్చుకుంటే పేలిపోతుందేమోనని అందరూ భయపడతారు, కాస్త మందంగా, రెండు మూడు గాలి అరలుగా ఉండేది కొంటే ఆ భయం పెద్దగా అక్కర్లేదు. భయపడాల్సింది గాలికి. నీళ్ల మీద ఎత్తుగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి వెడల్పాటి నది మీద గాలి లేచిందంటే అది పడవ కాదు, కాగితం. కిందటేడు మే నెలలో భీమవరం బావ పోహిక్‌కి తనది తెచ్చాడు. పొద్దున తొమ్మిది దాకా అద్దంలా ఉన్న నీళ్లు, తొమ్మిదిన్నరకి గాలి, ఆటు కూడా అటే లాగింది, వాడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు, వెనక్కి పోతూనే ఉన్నాడు. చివరికి నేను తాడు కట్టి లాక్కొచ్చా, అదృష్టం, ఇద్దరం లైఫ్ జాకెట్లతో ఉన్నాం. అదే పడవ షెనన్డోవాలో హాయిగా ఉంటుంది, రాళ్లకి తగిలినా ఎగిరి పక్కకి జారుతుంది, ప్రవాహమే మోసుకుపోతుంది కాబట్టి తెడ్డు పని తక్కువ. అందుకే ముందు నీళ్లు తేల్చుకోమన్నది.

మిగిలింది మామూలు తెడ్డు కయాక్, పది నుంచి పన్నెండు అడుగులు, యాభై నుంచి డెబ్భై పౌన్లు, కొత్తది నాలుగు వందల నుంచి వెయ్యి డాలర్లు, పాతది ఇంకా తక్కువ. దీనికి గొప్పలేమీ లేవు, తప్పులూ లేవు. మూడు అంగుళాల నీళ్లలోనూ పోతుంది, మొక్కల్లో ఇరుక్కోదు, పాడవడానికి ఏమీ లేదు, ఇద్దరు కలిసి ఎవరి కారు మీదకైనా ఎత్తేయొచ్చు. నా ఓటు దీనికే. మిగిలిన డబ్బులు మంచి సీటుకీ, తేలికైన తెడ్డుకీ, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్‌కీ పెట్టండి. ముఖ్యంగా తెడ్డుకి, పొద్దున్నించీ వెయ్యిసార్లు ఎత్తి దించేది దాన్నే, కయాక్‌తో ఉచితంగా ఇచ్చే బరువైన తెడ్డుతో మధ్యాహ్నానికి భుజాలు పట్టేస్తాయి.

ఇద్దరు కూర్చునే కయాక్ గురించి భార్యాభర్తలు ఎక్కువగా అడుగుతారు. ఊరికే తిరగడానికైతే కొనుక్కోండి. ఇద్దరూ గాలాలు వేస్తామంటే మాత్రం వద్దు. వెనకున్నవాళ్లు గాలం విసిరిన ప్రతిసారీ ముందున్నవాళ్ల టోపీ ప్రమాదంలో ఉంటుంది, తర్వాత కాపురం కూడా.

మొదటి రెండుసార్లు అద్దెకే వెళ్లండి. పోహిక్ పార్కులోనూ, సీజన్ మొదలయ్యాక మేసన్ నెక్‌లోనూ అద్దెకి దొరుకుతాయి. కాకపోతే అద్దె కౌంటర్లు తెల్లవారుజామున తెరవవు, సూర్యోదయం చూడాలంటే సొంతది ఉండాల్సిందే, కయాక్ కొనడానికి ఉన్న ఒకే ఒక్క సరైన కారణం నాకు అదే అనిపిస్తుంది.

ఏ వారం, ఏ గంట

ఇక్కడ వసంతం మనల్ని మోసం చేస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఎండ 72 డిగ్రీలుంటుంది, పోలో షర్టులో తిరుగుతాం, నీళ్లు మాత్రం యాభైల్లోనే ఉంటాయి, ఫారెన్‌హీట్‌లో. మా గ్రూపులో ఒకడు అలాంటి రోజే జీన్స్ వేసుకుని ర్యాంపు దగ్గర కయాక్ ఎక్కబోయి పక్కకి పడ్డాడు. ఛాతీ లోతు నీళ్లు, ఒడ్డుకి ఆరడుగులు. వాడు లేచి నిలబడ్డాడు గానీ నోట మాట రాలేదు, ఊపిరి ఎగబీల్చడమే, కళ్లు పెద్దవయ్యాయి, ఆ ఆరడుగులు మేమే చెయ్యి పట్టి తేవాల్సి వచ్చింది. చలి నీళ్ల గురించి ఇక్కడ ఒకటి, పది, ఒకటి అని లెక్క చెప్తారు: మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన మాట వినదు, తర్వాత పది నిమిషాల వరకే చేతులు కాళ్లు పనిచేస్తాయి, గంటకి స్పృహ పోతుంది. ఆ మొదటి నిమిషంలో తల నీళ్లపైన ఉంచేది లైఫ్ జాకెట్ ఒక్కటే. చట్టం ప్రకారం పడవలో ఉంటే చాలు, పదమూడేళ్లలోపు పిల్లలు తొడుక్కోవాలి, కానీ సీటు వెనక కట్టేసిన జాకెట్ ఎవరినీ కాపాడదు, తొడుక్కోండి. నీళ్లు 60 డిగ్రీలు దాటేదాకా చలి నీళ్ల నుంచి ఒంటిని కాచే వెట్‌సూటో డ్రైసూటో లేకుండా నేను దిగను. జీన్స్, కాటన్ హుడీ ఇంట్లోనే.

కాబట్టి కొత్త జట్టుకి నా సలహా: ఏప్రిల్ మూడో వారంలో షాడ్ కోసం ఫ్లెచర్స్ తెడ్ల పడవ, మే మొదటి రెండు వారాల్లో కయాకులతో పోహిక్. స్నేక్‌హెడ్ ఏప్రిల్‌లోనూ పడుతుంది, గుడ్లు పెట్టే ముందు ఆకలి మీద లోతు తక్కువ మడుగుల్లోకి వస్తుంది, కానీ అప్పుడు తెల్లవారి ఏమీ ముట్టదు, ఎండ పడి మట్టి వేడెక్కాక పది దాటితే గానీ కదలదు. మే వచ్చేసరికి పొద్దున్నే పడుతుంది. జూన్ దాటితే మడుగులన్నీ హైడ్రిల్లాతో నిండిపోతాయి, మన చెరువుల్లో ఉండే అదే నాచు, 1980ల మొదట్లో పొటోమాక్‌లో బయటపడింది, తెడ్డు వేస్తే పులిహోర కలిపినట్టుంటుంది. అందుకే నాకు మే.

గంట ఎంచుకోవడానికి సూర్యుడి కంటే ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. ఇక్కడ పోటుకీ ఆటుకీ తేడా రెండడుగులకి అటూ ఇటూ, వినడానికి చిన్నదే. అడుగున్నర లోతు మడుగులో రెండడుగులు పోతే ఏం మిగులుతుంది? మొదటి ఏడాది మేం ఆ లెక్క వేయలేదు. మడుగు లోపల కరీంనగర్ అన్నకి వరసగా రెండు పడ్డాయి, మూడోదాని ఆశలో ఉండగా కింద బురద తగిలింది. దిగి తోద్దామని కాలు పెడితే మోకాలు పైదాకా దిగబడింది. రెండు గంటలకి పైగా పోటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం, పైన గద్దలు మమ్మల్ని చూస్తూ తిరిగాయి, అవి తిరగడంలో వింతేం లేదులెండి, పక్కనున్న వన్యప్రాణుల శరణాలయం 1969లో పెట్టిందే బాల్డ్ ఈగిల్స్ అనే గద్దల కోసం. పులిహోర ఉంది కాబట్టి బతికాం. ఇప్పుడు పోటు నిండటానికి ఓ గంట ముందు దిగుతాం, నీళ్లు తగ్గడం మొదలైన రెండు గంటలకి మడుగులోంచి బయటికొచ్చేస్తాం.

గాలం, కాగితాలు, మిగతావి

స్నేక్‌హెడ్‌కి యాభై పౌన్ల పైన లాగుడుకీ తెగని అల్లిక దారం వాడండి, కాడల్లోంచి లాగాలి కదా. మొక్కల మీద రబ్బరు కప్ప, మధ్య సందుల్లో తోక ఊపే రబ్బరు చేప, ఈ రెండూ చాలు, దుకాణంలో మిగతావన్నీ మనల్ని పట్టడానికి పెట్టిన ఎరలు. కప్పని మింగినట్టు కనబడగానే లాగకండి, ఒక్క క్షణం ఆగి అప్పుడు గట్టిగా కొట్టండి. పడ్డాక నోట్లో వేలు పెట్టొద్దు, పళ్లుంటాయి. కాళ్ల మధ్య వేసుకుంటే అది ఎగిరే ఎగురుడుకి పడవ తిరగబడుతుంది, చేతివలలోనే ఉంచి, అక్కడే పని ముగించి, తాడుకో ఐసు సంచిలోకో.

లైసెన్స్ విషయంలో చాలామంది తడబడతారు. పోహిక్ బే, షెనన్డోవా రెండూ వర్జీనియా నీళ్లు, పదహారేళ్లు దాటినవాళ్లకి వర్జీనియా మంచినీటి లైసెన్స్ కావాలి, రాష్ట్రంలో ఉండేవాళ్లకి ఏడాదికి 23 డాలర్లు. ఫ్లెచర్స్‌కి డీసీ లైసెన్స్ విడిగా. పొటోమాక్ అసలు నది మాత్రం వర్జీనియా ఒడ్డు దాకా మేరీలాండ్‌దే, కాబట్టి మడుగు దాటి పెద్ద నదిలోకి వెళ్లే ముందు నియమాలు చదువుకోండి. తెడ్డు, పెడల్ కయాకులకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బ్యాటరీ మోటారు తగిలించారంటే కావాలి. చీకట్లో దిగితే తెల్ల టార్చిలైటు, మెడలో ఒక ఈల.

ఇంటికొచ్చాక స్నేక్‌హెడ్ జిగురు వదలాలంటే మన ఇళ్లలో చేసినట్టే కల్లుప్పు, పసుపు పట్టించి రుద్దడమే. ముల్లు తక్కువ, కండ గట్టి, పులుసులో విరగదు. మే నెలలో ఇండియన్ స్టోర్లలో పచ్చిమామిడి దొరుకుతుంది కాబట్టి మేం చింతపండు తగ్గించి మామిడికాయ ముక్కలు వేస్తాం, దించేముందు మెంతిపిండి. భీమవరం బావ రెండుసార్లు వడ్డించుకుని, "పులస కాదనుకో" అని మూడోసారి గిన్నె చాపాడు.

వచ్చే శనివారం పోటు ఏడింటికి నిండుతుంది, నాలుగున్నరకల్లా మా ఇంటి ముందు ఉండమన్నా ఇద్దరినీ. అన్న తెడ్డు కయాక్, నాది ఇంకోటి, బావకి నేను పాతది ఒకటి అరువు తెచ్చా. గాలి పడవ సంచి తెస్తే మాత్రం కారు ఎక్కనివ్వనని ముందే చెప్పేశా.